ఇంకా ఏమీ జరగని పిల్ల కోసం

శాలన్ ఖోత్‌ని నేను మొదటిసారి చూసినరోజు ఆమె మా హోమ్ గేటు దగ్గర వాచ్‌మన్‌తో పోట్లాడుతోంది. వాడు ఆమె సంచీలోంచి రంగు పెన్సిళ్లన్నీ తీసి బల్లమీద పరిచాడు.

"మొన ఉన్నవేవీ లోపలికి పోకూడదు తాయీ. రూలు."

"మరి నా నాలుక సంగతేంటి? దాన్నీ ఇక్కడే పెట్టి పోనా?"

వాచ్‌మన్ నవ్వాడు గానీ పెన్సిళ్లు మాత్రం ఇవ్వలేదు. ఆమె ఉత్త చేతులతో లోపలికి వచ్చింది.

మాది సాంగ్లీ జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. పేరు చెప్పను. ఇందులో మనుషుల పేర్లు కూడా అసలువి కావు. నేరం చేసి పట్టుబడిన మైనరు మగపిల్లల్ని ఉంచే ఇల్లు ఒకటి చక్కెర ఫ్యాక్టరీ దారిలో ఉంది. ఊరంతా దాన్ని రిమాండ్ హోమ్ అంటారు. నేనక్కడ మరాఠీ, లెక్కలు చెప్పేవాణ్ణి. పిల్లలకి నేను గురూజీని, ఆమె తాయి, అంటే అక్క. నాకంటే చిన్నదే అయినా నేనూ తాయి అనే పిలిచేవాణ్ణి.

ఆమె తండ్రి ఆ ఫ్యాక్టరీలోనే చెరుకు బళ్లు తూచే గుమాస్తా. మొగుడు విలాస్ ఎర్రబస్సు కండక్టరు, నోరు తెరిస్తే హాస్యం. కొల్హాపూర్‌లో చదువుకుని వచ్చాక ఆమె మొదట చేసిన పని వేరు. అత్యాచారానికి గురైన చిన్నపిల్లలతో మాట్లాడి, వాళ్లని మళ్లీ బడికి, ఆటకి, నిద్రకి అలవాటు చేసే కేంద్రంలో పనిచేసింది. ఒకసారి ఒక పాపతో ఏడాదిపాటు కూర్చుంది. ఆ పాప తేరుకుంది. తేరుకుందని సంతోషపడుతుండగా ఆ పాప చెల్లెల్ని తీసుకొచ్చారు. చేసినవాడు ఆ వీధి కుర్రాడే, అప్పుడు చేసినవాడే. ఈమధ్యలో వాణ్ణి హోమ్‌లో పెట్టారు, అన్నం పెట్టారు, కుట్టుపని నేర్పారు, గడువు తీరగానే ఇంటికి పంపించారు.

"పాపతో నేను మాట్లాడాను గురూజీ. పాప తల్లితో మాట్లాడాను. జడ్జి మాట్లాడాడు, పోలీసు మాట్లాడాడు. వాడితో మాత్రం ఒక్కళ్లూ మాట్లాడలేదు. ఎందుకు చేశావు, మళ్లీ చెయ్యాలనిపిస్తే ఏం చేస్తావు అని ఒక్కళ్లూ అడగలేదు."

అందుకని ఆమె ఇటుపక్కకి వచ్చింది. పుణెలో ఒక సంస్థ వాళ్ల దగ్గర ఈ పిల్లలకి చికిత్స ఎలా చెయ్యాలో నేర్చుకుంది. చికిత్స అంటే మందూ మాత్రా కాదు. వారం వారం ఒక్కొక్కడితో విడిగా కూర్చోవాలి, వారానికోసారి అందర్నీ కలిపి కూర్చోబెట్టాలి, నెలకోసారి ఇంటివాళ్లని పిలవాలి. అందర్నీ కలిపేచోట ఇద్దరు పెద్దవాళ్లుండాలన్నది నియమం. రెండో మనిషి దొరక్క నన్ను పట్టుకుంది.

"నాకేం తెలుసు తాయీ, నేను భిన్నాలు చెప్పుకునేవాణ్ణి."

"నువ్వు మాట్లాడక్కర్లేదు. మొహం చిట్లించకుండా కూర్చుంటే చాలు."

అదే కష్టమని తరవాత తెలిసింది. నాకూ ఆడపిల్లలున్నారు.

ఆమె ఇంట్లోనూ ఈ పని ఎవరికీ నచ్చలేదు. అత్తగారైతే జొన్న భాకరి చరుస్తూ చరుస్తూ దెప్పేది. "దొంగల్ని చూసుకోవే, జేబులు కొట్టేవాళ్లని చూసుకోవే. ఈ వెధవలేనా దొరికారు నీకు? వీళ్లని నది దాటించి వదిలెయ్యాలి." విలాస్ మాత్రం, "బస్సెక్కేవాళ్లకి టికెట్ నేనిస్తాను, దిగలేనివాళ్లని మా ఆవిడ చూసుకుంటుంది" అనేవాడు. ఏమిటి దానికర్థం అంటే తనకీ తెలీదనేవాడు.

ఒకసారి నేనే అడిగేశాను, కడుపులో దాచుకోలేక. "వీళ్లమీద నీకు జాలెలా వస్తుంది తాయీ?"

"నేను వీళ్లకోసం రావట్లేదు గురూజీ. ఎక్కడో ఒక పిల్ల ఉంది. ఇంకా ఏమీ జరగలేదు దానికి. తొక్కుడుబిళ్ల ఆడుకుంటోంది. దానికోసం వస్తున్నాను."

నవనాథ్ ఆమె మొదటి కుర్రాళ్లలో ఒకడు. పదమూడేళ్లప్పుడు తప్పు చేసి వచ్చాడు. కళ్లెత్తి మాట్లాడేవాడు కాదు. మూడేళ్లకి బయటికెళ్లి, టైల్స్ వేసే మేస్త్రీ దగ్గర చేరాడు. ఆ తరవాత కూడా ఎన్నో ఏళ్లు ప్రతి పండక్కీ ఆమెకి ఫోన్ చేసేవాడు. పెళ్లికి పిలిస్తే ఆమె వెళ్లింది, మా దూరపు మావశీ, పిన్ని వరస అని పెళ్లికూతురు సారికకి పరిచయం చేశాడు. మైనరుగా ఉన్నప్పటి నేరం ఎవరికీ చెప్పక్కర్లేదని చట్టమే అంటుంది. అతను చెప్పలేదు. ఆమె అడగలేదు.

నిజానికి ఆమె దగ్గర కూర్చున్నవాళ్లలో చాలామంది నవనాథ్‌లాంటివాళ్లే. ఒకడు ట్రాక్టరు నడుపుతున్నాడు, ఒకడు మిసల్ టిఫిన్ బండి పెట్టాడు, ఒకడు ఇచల్‌కరంజీలో మగ్గాల దగ్గర ఉన్నాడు. వాళ్ల గురించి ఎవరూ ఎక్కడా చెప్పుకోరు. జరగనిదాని గురించి కబురెలా వస్తుంది?

ధైర్యశీల్ మానే వచ్చింది ఆమె మా దగ్గర చేరిన నాలుగైదేళ్లకి. పదిహేనేళ్లవాడు, చూడచక్కనివాడు, చదువులో చురుకు. పక్కింటి శివలింగ్ మాళీ కూతురి విషయంలో నేరం రుజువైంది. ఆ పిల్ల రెండో తరగతి. మాళీ పసుపు ఉడకబెట్టే బట్టీల దగ్గర పనిచేసేవాడు. కేసు నడుస్తుండగానే ఊరు విడిచి పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడి ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది.

ఎందుకు చేశాడని నేను చాలా వెతికాను. తండ్రి తాగుబోతు కాదు. వాణ్ణి ఎవరూ పాడుచేసిన దాఖలా లేదు. ఫోన్‌లో చెత్త చూసేవాడు, నిజమే, అది చూసేవాళ్లంతా ఇలా చెయ్యరు. ఒంటరివాడు, కానీ ఒంటరివాళ్లు కోట్లమంది. శాలన్‌తాయి, "కారణం ఒకటే ఉండదు గురూజీ, తాడు ఒకే పోగుతో పేనరు" అని ఊరుకుంది.

చాలాకాలం వాడు ఒకేమాట అనేవాడు. "ఆ గొడవ జరిగినప్పుడు..."

"జరిగిందా? తనంతట తనే? వాన పడినట్టా?" అనేది ఆమె.

"జరిగింది తాయీ. ఏం చెప్పమంటారు?"

"వానైతే గొడుగు తెచ్చుకుందువుగానిలే. మళ్లీ వారం మాట్లాడదాం."

మళ్లీ వారం అదే మాట. ఆమె విసుక్కోలేదు. ఒకరోజు నవనాథ్‌ని రమ్మంది. అతను పనిలోంచి తిన్నగా వచ్చాడు, చేతులకి తెల్ల సిమెంటు అలాగే ఉంది. ఆ పిల్లల మధ్య కింద కూర్చుని, తన తప్పేంటో, దాన్ని ఎన్నాళ్లు కప్పిపుచ్చాడో, ఏ మాటతో కప్పిపుచ్చాడో చెప్పాడు. "నేనైతే 'పొరపాటైపోయింది' అనేవాణ్ణి. పొరపాటంటే లెక్కలో వచ్చేది. నేను చేసింది లెక్కలో రాలేదు. తలుపు నేను వేశాను" అన్నాడు.

అది అయిన రెండు మూడు వారాలకి ధైర్యశీల్ అడక్కుండానే నోరు విప్పాడు.

"జరగలేదు తాయీ. నేను చేశాను. ఆ పిల్ల ఏడ్చింది నాకు వినపడలేదని కోర్టులో చెప్పాను. అబద్ధం. వినపడింది."

నేను మొహం చిట్లించకుండా కూర్చోలేక కిటికీవైపు తిరిగాను. ఆమె మాత్రం వాడినే చూస్తూ, "ఇది చెప్పడం కష్టం. చెప్పావు. ఇక పని మొదలవుతుంది" అంది. మెచ్చుకోలేదు, తిట్టలేదు.

ఆ పని రెండేళ్లు చేశారు. వాడి మనసు ఏ దారిన పోతే ఆ తప్పువైపు పోతుందో, ఎక్కడ మలుపు తిప్పుకోవచ్చో ఇద్దరూ కలిసి వెతికారు. బయటికెళ్లాక ఎలా బతకాలో మాటలు పెట్టుకున్నారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఉండకూడదు. గదిలో ఒక్కడే ఫోన్ పట్టుకుని కూర్చోకూడదు. మనసు తప్పుతోందనిపిస్తే ముందు నలుగురున్నచోటికి నడవాలి, వెంటనే తాయికి ఫోన్ చెయ్యాలి. ఆమె నంబరు వాడికి కంఠతా వచ్చు. బయట ఇంకో రెండేళ్లయినా ఇలా కలుస్తూ ఉంటేనే ఇది నిలబడుతుందని వాడికీ చెప్పింది, ఇంటివాళ్లకీ చెప్పింది.

విడుదలకి ముందు ఆమె మాళీ కొత్తగా ఉంటున్న ఊరికి, వాళ్ల ఇంటికి వెళ్లింది, నన్నూ తీసుకెళ్లింది. వాడు వస్తున్నాడని వాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి కదా అంది. మాళీ మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"మారాడా వాడు?"

"చాలా మారాడు దాదా."

"మళ్లీ చేస్తాడా?"

"ఇలా వచ్చిన పిల్లల్లో చాలామంది మళ్లీ చెయ్యరు. చికిత్స అందినవాళ్లలో మళ్లీ చేసేవాళ్లు ఇంకా తక్కువ. వీడొక్కడి సంగతి ఒట్టేసి చెప్పమంటే మాత్రం నేను చెప్పలేను."

ఆయన, "ఒట్టు వెయ్యనన్నావు కాబట్టి నమ్ముతున్నా" అన్నాడు. లోపల్నుంచి ఆ పిల్ల తొంగి చూసింది. జడలకి ఎర్ర రిబ్బన్లున్నాయి.

ధైర్యశీల్‌ని తాసగావ్ దగ్గర మేనమామ ద్రాక్షతోటకి పంపించారు. పిల్లల్లేని ఇల్లు. వాడు ఎండు ద్రాక్ష షెడ్డులో పనిచేసేవాడు. ప్రతి గురువారం సంతరోజున తాయి బస్సెక్కి వెళ్లేది. బస్టాండు హోటల్లో ఇద్దరూ చాయ్ తాగుతూ మాట్లాడుకునేవాళ్లు. మొదట్లో ఆమెకంటే ముందే వచ్చి కూర్చునేవాడు. ఏడాది బాగానే గడిచింది.

తరవాత వాడి నానమ్మకి పక్షవాతం వచ్చింది. తల్లి ఇందుబాయి వాణ్ణి ఇంటికి తెచ్చేసుకుంది. ఆ ఇంట్లో వాడి అన్నా, వదినా, వాళ్ల చిన్నకూతురూ ఉన్నారు.

శాలన్‌తాయికి ఈ సంగతి మూడో గురువారం తెలిసింది, వాడు రాకపోతే మేనమామకి ఫోన్ చేసి అడిగితే. ఆ సాయంత్రమే మేమిద్దరం వాళ్ల ఊరెళ్లాం. ఇందుబాయి మంచం పక్కన కూర్చుని అత్తగారికి పలచటి జావ తాగిస్తోంది. మమ్మల్ని చూసి గిన్నె కింద పెట్టలేదు.

"వాడు ఇక్కడ ఉండకూడదు ఇందుబాయీ. ముందే అనుకున్నాం కదా."

"అనుకున్నది మీరు. తలూపింది నేను. కోర్టువాళ్ల ముందు తలూపకపోతే వదుల్తారా?"

"ఇంట్లో చిన్నపిల్ల ఉంది."

"ఉంటే? వాడి అన్న కూతురది, పరాయి పిల్ల కాదు. సొంత రక్తాన్ని ఎవడైనా ముట్టుకుంటాడా? ఎన్నాళ్లని కట్టేసి పెడతారు నా కొడుకుని? కుక్కకైనా మధ్యమధ్య తాడిప్పుతారు."

"నేను కట్టెయ్యమనట్లేదు. వాడికి తోడుండమంటున్నాను. ఇంకో ఏడాది వాణ్ణి మేనమామ దగ్గరే ఉంచండి, నేను వస్తూ ఉంటాను."

"నువ్వు రాబట్టే ఆ మాట చావట్లేదు తాయీ! అందరూ మర్చిపోయారు. నువ్వొక్కదానివే వారంవారం వచ్చి దాన్ని లేపి కూర్చోబెడుతున్నావు. పెళ్లి చేస్తాం, అన్నీ అవే సర్దుకుంటాయి. పో."

ధైర్యశీల్ వాకిట్లో గేదెకి మేత వేస్తున్నాడు. ఆమె దగ్గరికెళ్లి, "నువ్వేమంటావు? నీకు తెలుసు కదా" అంది. వాడు మేత సర్దుతూనే, "అమ్మ ఏడుస్తోంది తాయీ. నేను జాగ్రత్తగానే ఉన్నా" అన్నాడు. మొహం ఎత్తలేదు.

తిరిగి వస్తుంటే ఆమె బోరింగు దగ్గర ఆగింది. వాడి వదిన వైశాలి నీళ్లు కొడుతోంది. ఆమెతో తగ్గు గొంతుతో, పిల్లని వాడితో ఒంటరిగా వదలొద్దని, ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళ్లమని చెప్పింది. వైశాలి బోరింగు కొట్టడం ఆపేసింది. సరిగ్గా అప్పుడే వాడి అన్న మోటార్‌సైకిల్ దిగాడు.

"మా ఇంట్లో నిప్పు పెట్టడానికొచ్చావా? ఏం గురూజీ, చదువు చెప్పుకునేవాడివి, ఈవిడ వెనకాల తోకలా తిరుగుతున్నావేం? ఇంకోసారి ఈ వీధిలో కనిపిస్తే కాళ్లు విరగ్గొడతా ఇద్దరికీ."

వీధివీధంతా బయటికొచ్చి చూసింది.

ఆ తరవాత ఆమె తిరగని గడప లేదు. పర్యవేక్షణ చూసే అధికారి, వాడికి పద్దెనిమిది నిండాయి, గడువు తీరింది, ఇక వాడు స్వతంత్రుడు అన్నాడు. పిల్లల రక్షణ చూసే ఇంకో ఆఫీసులో ఒకావిడ ఎంతో మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"ఇంకా ఏమీ జరగలేదు కదా తాయీ?"

"జరగలేదు. జరక్కూడదనే వచ్చాను."

"జరక్కుండా మేం ఏమని రాసుకుంటాం చెప్పండి?"

బయటికొచ్చాక శాలన్‌తాయి మెట్లమీద కూర్చుండిపోయింది. నేను చెరుకురసం తెచ్చిస్తే పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు.

తరవాత కూడా ఆమె గురువారాలు మానలేదు. వాళ్ల ఊరి మలుపులో, బస్సు ఆగేచోట కూర్చునేది. వాడు రెండుసార్లు వచ్చాడు. ఆమె అడిగినవాటికి సరే, ఊఁ అన్నాడు. ఆ తరవాత రాలేదు. ఫోన్ చేస్తే పొలంలో ఉన్నానన్నాడు.

చెరుకు కోతలు మొదలయ్యాయి. ఇంట్లో అందరూ పొలానికి వెళ్లిన ఒక పూట, వైశాలి కూతురికి జ్వరంగా ఉందని నానమ్మ మంచం దగ్గర పడుకోబెట్టి వెళ్లారు. కదల్లేని, మాట రాని ఆ ముసలమ్మ ఆ గదిలోనే ఉంది.

ఇంక ఆ సంగతి ఇంతకంటే చెప్పను. పిల్ల బతికింది. వైశాలి కూతుర్ని ఎత్తుకుని తనే పోలీస్ స్టేషన్‌కి నడిచి వెళ్లింది, మొగుడూ అత్తా దారికడ్డంగా నిలబడినా ఆగలేదు. తరవాత పుట్టింటికి వెళ్లిపోయింది. శాలన్‌తాయి చూడ్డానికి వెళ్తే తలుపు తీసింది. తిట్టలేదు. "నువ్వు చెప్పావు. నేను విన్నాను. జ్వరం కదా అని ఒక్క పూట వదిలాను" అని తలుపు మూసేసుకుంది.

ధైర్యశీల్ ఇప్పుడు మైనరు కాదు. పెద్దవాళ్ల జైల్లో పెట్టారు. మేం చూడ్డానికి వెళ్లాం. ఇనప జాలీ అవతల నిలబడ్డాడు, గడ్డం పెరిగి ఉంది.

"నా నంబరు మర్చిపోయావా?" అంది ఆమె.

"లేదు తాయీ."

"ఫోన్ దగ్గర లేదా?"

"చేతిలోనే ఉంది." తలెత్తి చెప్పాడు. "చేస్తే మీరు ఆపేస్తారని తెలుసు. అందుకే చెయ్యలేదు."

అన్నేళ్లు కూర్చుని ఆమె వాడికి నేర్పింది నిజం చెప్పడం. అది వచ్చింది వాడికి. అదొక్కటే వచ్చింది.

పేపర్లలో పడింది. హోమ్ పేరు, ఆమె పేరు, "చికిత్స పొందిన" అని కొటేషన్లలో వెక్కిరింపు. హోమ్ సూపరింటెండెంట్ పాటణకర్ సాహెబ్ చెడ్డమనిషి కాదు. ఆమెని పిలిచి ముందు చాయ్ ఇచ్చాడు.

"ఆ గుంపు ఇక కూర్చోబెట్టకండి తాయీ."

"సాహెబ్, మిగతావాళ్లు సగంలో ఉన్నారు. ఇప్పుడిప్పుడే నోళ్లు విప్పుతున్నారు."

"చికిత్స చేస్తే ఏమవుతుందో చూశాం కదా."

"సగంలో ఆపితే ఏమవుతుందో చూశాం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరన్నదే నిజమేమో. కానీ నిజమేంటని నన్నెవరూ అడగట్లేదు. ఏం చర్య తీసుకున్నావని అడుగుతున్నారు."

అలా ఆగిపోయింది. ఆ గదిలో ఇప్పుడు కుట్టుమిషన్లు పెట్టారు. ఆ గుంపులో ఉన్న కుర్రాళ్లు కొన్నాళ్లు తాయి ఎప్పుడొస్తుందని నన్నడిగారు. తరవాత అడగడం మానేశారు. ఒకడు, అప్పటిదాకా 'నేను చేశాను' అన్నవాడే, మళ్లీ 'నన్ను ఇరికించారు' అనడం మొదలుపెట్టాడు. వాళ్లంతా గడువు తీరి ఒక్కొక్కళ్లే బయటికెళ్లారు. ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు.

మాళీ ఒకరోజు హోమ్ గేటు దగ్గరికొచ్చి ఆమె కోసం నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"నా పిల్ల ఇప్పుడు కబడ్డీ ఆడుతోంది తాయీ. వాడు మారాడని మీరు చెబితే, ఆ మాట దానికి నేనే చెప్పాను. అప్పట్నుంచి కాస్త ధైర్యంగా బయటికెళ్లేది. ఇప్పుడు బళ్లో ఎవరో పేపరు చూపించారు. నన్నడుగుతోంది, నాన్నా, అప్పుడు అబద్ధం చెప్పావా అని. ఏం చెప్పను?"

ఆయన చెప్పుల దుమ్ము విదిలించుకుని వెళ్లిపోయాడు.

వీటన్నిటినీ ఆమె తట్టుకుందనే అనుకున్నాను. ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంది. అత్తగారు కూడా దెప్పడం మానేసింది. అది ఇంకా భరించలేకపోతున్నానంది నాతో.

అప్పుడు నవనాథ్ వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. మనిషి సగమయ్యాడు. వాళ్లకి ఆ మధ్యే ఆడపిల్ల పుట్టింది.

"తాయీ, ధైర్యా నా మాట విన్నాకే కదా నోరు విప్పాడు?"

"అవును."

"నేను చెప్పిందే కదా వాడూ చెప్పాడు? నాకు చేసిన చికిత్సే కదా వాడికీ చేశారు? మరి వాడికి లోపల అది చావలేదంటే నాకు చచ్చిందని ఏంటి నమ్మకం?"

"నువ్వు వేరు, వాడు వేరురా. ఇన్నేళ్లలో నీ మనసు ఒక్కసారైనా అటు పోయిందా?"

"పోలేదు."

"మరింకేం?"

"వాడికీ ఏడాదిపాటు పోలేదేమో." చేతులు నలుపుకున్నాడు. "పాపకి స్నానం చేయించమంటుంది సారిక. నేను చెయ్యను. ఎత్తుకోమంటుంది. ఎత్తుకోను. అది ఏడుస్తుంటే వీధిలోకి పోతాను. ఏం తండ్రివి నువ్వు అంటుంది. పేపర్లో రాశారు తాయీ, ఈ జాతి మారదని. మా మేస్త్రీ గట్టిగా చదివాడు, అందరూ అవునన్నారు. నేనూ అవునన్నాను."

"నవనాథ్, నా మాట విను. నీలాంటివాళ్లే ఎక్కువ. తొంభై పాళ్లు నీలాంటివాళ్లే. నీకు భయం ఉంది, అదే..."

"ఒట్టేసి చెప్పండి."

ఆమె నిజంగా వెయ్యబోయింది. చెయ్యి ముందుకొచ్చింది. ఆరోజు మాళీ గుమ్మంలో వెయ్యనన్న ఒట్టు నవనాథ్ విషయంలో వేసినా తప్పులేదని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ చెయ్యి మధ్యలోనే ఆగింది, ఒక్క క్షణం. ఆ క్షణాన్ని అతను చూశాడు.

"సరే తాయీ" అని లేచాడు. ఆమె గుమ్మందాకా పరిగెత్తి పేరుపెట్టి పిలిచింది. వినపడనట్టు వెళ్లిపోయాడు.

ఆ వారమే ఇల్లొదిలి పోయాడు. గోవాలో ఏదో కట్టడం పనిలో ఉన్నాడని ఒకసారి, గుజరాత్ అని ఒకసారి అన్నారు. ఫోన్ పనిచెయ్యట్లేదు. ఏ తప్పూ చెయ్యని మనిషి, తప్పు చేస్తానేమోనని కూతురికి దూరంగా పారిపోయాడు. దాన్ని నయమవడం అనాలో, ఏమనాలో నాకు తెలీదు.

సారిక చంకలో పిల్లతో తాయి ఇంటికొచ్చింది. పెళ్లిలో చూసిన దూరపు మావశీ అన్న చుట్టరికం పట్టుకుని వచ్చింది పాపం.

"మీకేమైనా చెప్పాడా మావశీ? ఇంకో ఆడది ఉందా?"

"లేదమ్మా."

"తాగుడు లేదు, జూదం లేదు. నన్నొక్క మాట అనలేదు ఎప్పుడూ. పిల్ల పుట్టాకే ఇలా అయ్యాడు. ఆడపిల్ల అనా? ఆడపిల్ల పుట్టిందని వదిలేసి పోయాడా?"

"అది కాదు. అది మాత్రం కాదు."

"కాదని మీకెలా తెలుసు? అయితే ఏంటో చెప్పండి. మీకు తెలుసు, నాకు తెలుసు మీకు తెలుసని. మీ మొహం చూస్తే తెలుస్తోంది."

చెప్పే హక్కు ఆమెకి లేదు. అతను దాచుకున్న మాట అది. చెబితే సారికకి మొగుడు ఎందుకు పోయాడో తెలుస్తుంది, అతను తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల తండ్రికి అక్కర్లేని ఆడపిల్లగా పెరుగుతుంది. శాలన్‌తాయి పిల్ల అరికాలు పట్టుకుని కూర్చుంది. "నాకు తెలీదమ్మా" అంది.

సారిక లేచి, కొంగు బిగించుకుని, "ఎవ్వరికీ తెలీదు ఈ ఊళ్లో" అని మెట్లు దిగింది.

నేను ఆమెని బస్సెక్కించి వచ్చేసరికి తాయి అలాగే కూర్చుని ఉంది. విలాస్ డ్యూటీ దిగి వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా పక్కన నిలబడ్డాడు. అతనికి కూడా హాస్యం రాలేదు.

"ఉంది, ఇంకో ఆడదుంది అని చెప్పాల్సింది గురూజీ" అంది తాయి. "తిట్టుకోడానికైనా ఒక మనిషి దొరికేది దానికి."